ఏ దిక్కు చూసినా ఒకటేనా?

విశ్వం అన్ని వైపులా ఒకేలా ఉంటుందన్నది వందేళ్ల నాటి నమ్మకం. లెక్కపెట్టి చూస్తే తేడా వస్తోంది. ఆ తేడా ఆకాశంలోదా, మన చూపులోదా అన్నదే ఇప్పటి వివాదం

జంషెడ్‌పూర్‌లో పెరిగిన వారికి రాత్రి ఆకాశం అన్ని వైపులా ఒకేలా ఉండదని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో ఇనుము తీశాక మిగిలిన స్లాగ్‌ను సలసల కాగుతుండగానే బయట కుమ్మరించిన రోజుల్లో ఆకాశం ఒక పక్క ఒక్కసారిగా ఎర్రబారేది. సాక్చి వారికి ఆ వెలుగు ఒక దిక్కున కనిపిస్తే, జుగ్సలాయి వారికి మరో దిక్కున కనిపించేది. ఉద్యోగాల కోసం తరాల క్రితం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ ఎరుపు కొత్త కాదు.

ఇందులో ఎవరి మాటా అబద్ధం కాదు. అయితే ఆ ఎరుపు ఆకాశానిది కాదు, కొలిమిది. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడు, అతనికీ ఆకాశానికీ మధ్య ఏముంది అన్నది తేల్చుకోకుండా ఆకాశం మీద తీర్పు చెప్పకూడదు. ఆ ఊళ్లో చిన్నపిల్లలకైనా తెలిసే ఈ సంగతి దగ్గరే ప్రపంచంలోని విశ్వశాస్త్రవేత్తలు ఇప్పుడు తగవు పడుతున్నారు. సుదూర విశ్వం ఏ దిక్కు చూసినా ఒకేలా ఉందా? లేదని కొన్ని లెక్కలు చెబుతున్నాయి. ఆ తేడా నిజంగా విశ్వానిదా, లేక మనకు తెలియని ఏ కొలిమిదైనానా?

సౌకర్యం కోసం పుట్టిన సూత్రం

విశ్వంలో ప్రత్యేకమైన చోటు లేదు, ప్రత్యేకమైన దిక్కూ లేదు. గెలాక్సీలు, వాటి గుంపులు అక్కడక్కడా పోగుపడినట్టు కనిపించినా, తగినంత పెద్ద పరిధిలో చూస్తే అన్నీ సర్దుకుని సమానమవుతాయి. దీన్నే కాస్మోలాజికల్ ప్రిన్సిపుల్ అంటారు. చట్టం ముందు అందరూ సమానమే అన్న మాటకూ దీనికీ ఒక పోలిక ఉంది. రెండింటినీ ముందు ప్రకటించారు, అమలవుతున్నాయా లేదా అన్నది తర్వాత చూశారు. 1917లో ఐన్‌స్టీన్ తన సాపేక్ష సిద్ధాంతాన్ని మొత్తం విశ్వానికి వర్తింపజేసినప్పుడు ఈ సమానత్వాన్ని ఊహగానే తీసుకున్నారు. అలా తీసుకోకపోతే సమీకరణాలు లొంగవు. 1922లో రష్యన్ గణితవేత్త ఫ్రీడ్‌మన్ విశ్వం వ్యాకోచించవచ్చని చూపించిందీ ఈ ఊహ మీదే. అప్పటికి దీన్ని పరీక్షించే సాధనమేదీ ఎవరి చేతిలోనూ లేదు.

ఈ ఊహ లేకుండా ఏం జరుగుతుందని అడిగిన తొలితరం వారిలో ఒకరు జంషెడ్‌పూర్‌కు పొరుగునే ఉన్న కోల్‌కతా వాసి కావడం విశేషం. అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ఫిజికల్ రివ్యూ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, విశ్వం అన్ని దిక్కులా సమానమన్న షరతును పక్కనపెట్టి లెక్క కట్టారు. ఆ సమీకరణం ఇప్పటికీ ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. 1960ల్లో పెన్‌రోజ్, హాకింగ్‌లు నిరూపించిన సిద్ధాంతాలకు అదే పునాది అయింది. దిక్కుల సమానత్వాన్ని ప్రశ్నించడం శాస్త్రద్రోహమేమీ కాదని, అందులోంచి మంచి శాస్త్రమే పుట్టిందని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆకాశమంతా ఒకే వేడి

పరీక్షకు తొలి అవకాశం అనుకోకుండా వచ్చింది. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు ఇంజనీరింగ్ బుద్ధిగల శాస్త్రవేత్తలకు తమ రేడియో యాంటెనాలో ఒక సన్నని రొద వినిపించింది. యాంటెనాను ఎటు తిప్పినా అంతే. పగలైనా రాత్రయినా, ఏ రుతువైనా అంతే. వాళ్లు మొదట అనుమానించింది తమ కొలిమినే. యాంటెనాలో గూడు కట్టుకున్న పావురాలను తరిమి, వాటి రెట్టలను కడిగారు. రొద పోలేదు. అది విశ్వం పుట్టిన తొలినాళ్ల వేడి తాలూకు అవశేషమని తర్వాత తేలింది. దాని ఇప్పటి ఉష్ణోగ్రత పరమశూన్యానికి 2.725 డిగ్రీలు మాత్రమే ఎక్కువ. ఈ ఆవిష్కరణకు 1978లో నోబెల్ బహుమతి దక్కింది. అన్ని దిక్కుల నుంచీ ఒకేలా రావడమే ఆ రొద ప్రత్యేకత. ఊహగా మొదలైన సూత్రానికి తొలిసారి ఒక సాక్షి దొరికింది.

సాక్ష్యాన్ని మరింత నిశితంగా వింటే ఒక తేడా బయటపడింది. 1970ల్లో విమానాల్లో, బెలూన్లలో పంపిన పరికరాలు ఆకాశంలో ఒక సగం కాస్త వెచ్చగా, ఎదుటి సగం కాస్త చల్లగా ఉన్నట్టు చూపాయి. తేడా సుమారు 800లో ఒక వంతు. దీనికి ఎవరూ కంగారు పడలేదు. సూర్యుడు, ఆయన వెంట మనమూ సెకనుకు సుమారు 370 కిలోమీటర్ల వేగంతో సింహరాశి పరిసరాల వైపు సాగిపోతున్నాం కాబట్టి ఎదురుగా వచ్చే కాంతి కాస్త వేడిగా, వెనక నుంచి వచ్చేది కాస్త చల్లగా కనిపిస్తుందన్నది వివరణ. అంటే అది మన కొలిమి వెలుగే. దాన్ని తీసేసి చూస్తే మిగిలే హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు అని 1992లో కోబ్ ఉపగ్రహం తేల్చింది. ఆ తర్వాత 2001లో డబ్ల్యూమ్యాప్, 2009లో ప్లాంక్ ఉపగ్రహాలు అదే ఆకాశాన్ని మరింత సూక్ష్మంగా చిత్రించాయి.

ఈ చిత్రాల్లోనూ కొన్ని ముడులు మిగిలిపోయాయి. ఆకాశంలో పెద్ద పెద్ద మచ్చలు ఒకే అక్షం వెంట వరసకట్టినట్టు 2003 నుంచి కొందరు చూపిస్తూ వచ్చారు. ఒక అర్ధగోళంలో హెచ్చుతగ్గులు రెండో దానికంటే కాస్త ఎక్కువన్నారు. ఇలాంటి వాటిని కంటితో కాక లెక్కతో పట్టేందుకు పుణెలోని ఐయూకాలో తరుణ్ సౌరదీప్, అమీర్ హాజియన్ ప్రత్యేకంగా ఒక గణిత పద్ధతిని రూపొందించారు. ఐఐటీ కాన్పూర్‌లో పంకజ్ జైన్ బృందం ఏళ్ల తరబడి ఈ ముడుల మీదే పనిచేసింది. 2013లో ప్లాంక్ ఫలితాలు వచ్చాక వాటిలో చాలావరకు పరికర దోషాలు కావని తేలింది. అయినా అవి యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం మరీ తీసిపారేసేంత తక్కువేమీ కాదు. ఇక్కడ మరో ఇబ్బంది ఉంది. ఎన్నికల సర్వేలో అనుమానం వస్తే మరో వెయ్యి మందిని అడగొచ్చు. మనకున్నది ఒకే విశ్వం. రెండో ఆకాశాన్ని తెచ్చి పోల్చి చూడలేం.

2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డానియెలా సాదే బృందం ప్లాంక్ సమాచారాన్నే మరో రకంగా జల్లెడ పట్టింది. విశ్వం ఒక దిక్కున ఎక్కువగా, మరో దిక్కున తక్కువగా వ్యాకోచిస్తుంటే, లేదా మొత్తంగా ఒక అక్షం చుట్టూ తిరుగుతుంటే ఆ వికిరణంలో దాని జాడ ఉండాలి. ఏ జాడా దొరకలేదు. అలాంటి వ్యాకోచానికి వ్యతిరేకంగా 1,21,000కు ఒకటి చొప్పున పందెం కాయవచ్చని ఆ బృందం తేల్చింది. అంతటితో వివాదం ముగిసిపోవాల్సింది.

రెండు స్పీడోమీటర్లు

ముగియలేదు. ఎందుకంటే అప్పటికే మరో మూల నుంచి మరో లెక్క మొదలైంది. నిట్టనిలువుగా పడుతున్న వానలో స్కూటర్ మీద వెళ్లేవాడికి వీపు కంటే ఛాతీ ఎక్కువ తడుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. మనం నిజంగానే సెకనుకు 370 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, మన ఎదురుగా ఉన్న దిక్కులో సుదూర ఖగోళ వస్తువులు కాస్త ప్రకాశవంతంగా, కాస్త దగ్గరదగ్గరగా, అంటే సంఖ్యలో కాస్త ఎక్కువగా కనిపించాలి. 1984లో జార్జ్ ఎల్లిస్, జాన్ బాల్డ్విన్ ఈ పరీక్షను ప్రతిపాదించారు. పాత వికిరణం ఒక స్పీడోమీటర్. వస్తువుల సంఖ్య రెండో స్పీడోమీటర్. బండి ఒకటే కాబట్టి రెండూ ఒకే వేగం చూపాలి. చూపకపోతే రెండింటిలో ఒకటి చెడిపోయి ఉండాలి, లేదా మన ఊహే తప్పయి ఉండాలి.

లక్షల వస్తువులను లెక్కించిన సర్వేలు వచ్చేదాకా ఈ పరీక్ష కాగితం మీదే ఉండిపోయింది. అమెరికాలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపు సుమారు 18 లక్షల రేడియో మూలాలను నమోదు చేసిన ఎన్‌వీఎస్ఎస్ సర్వేను ఉపయోగించి 2002లో బ్లేక్, వాల్ తొలిసారి లెక్క కట్టారు. రెండు స్పీడోమీటర్లూ దాదాపు కలిశాయన్నారు. 2011లో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన అశోక్ సింగల్ అదే సర్వేను మరోసారి లెక్కించి భిన్నమైన ఫలితం ప్రకటించారు. దిక్కు కలిసింది కానీ వేగం కలవలేదు. ఆయన లెక్కలో అది సెకనుకు సుమారు 1,600 కిలోమీటర్లు, అంటే నాలుగు రెట్లకు పైమాటే. చాలామంది దాన్ని పట్టించుకోలేదు.

పట్టించుకోక తప్పని స్థితి 2021లో వచ్చింది. నేథన్ సెక్రెస్ట్ నాయకత్వంలోని బృందం రేడియో మూలాలను వదిలిపెట్టి, నాసా వైజ్ ఉపగ్రహం పరారుణ కాంతిలో గుర్తించిన 13.6 లక్షల క్వాసార్లను లెక్కించింది. ఈ బృందంలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సుబీర్ సర్కార్, ఇప్పుడు ముంబై టీఐఎఫ్ఆర్‌లో ఉన్న మహమ్మద్ రమీజ్ కూడా సభ్యులు. క్వాసార్లంటే భారీ కృష్ణబిలాల చుట్టూ వెలిగే సుదూర గెలాక్సీల కేంద్రాలు. ఈ క్వాసార్లలో సగటుదాని కాంతి బయలుదేరి 800 కోట్ల ఏళ్లు దాటింది. మన వేగాన్ని బట్టి ఉండాల్సిన తేడా వెయ్యికి ఏడు. వచ్చిన తేడా వెయ్యికి పదిహేను. ఇది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 20 లక్షల్లో ఒకటి. 2025లో జర్మనీలోని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూకాస్ బోమె బృందం లోఫార్ తదితర రేడియో సర్వేలను కలిపి లెక్కిస్తే, తేడా ఊహించిన దానికంటే మూడున్నర రెట్లకు పైగా ఉన్నట్టు వచ్చింది.

కొలిమి ఎక్కడ?

అయితే ఆకాశాన్ని లెక్కపెట్టడం తలలు లెక్కపెట్టినంత సులువు కాదు. ఈ సంగతి హైదరాబాద్‌కు వందేళ్ల నుంచీ తెలుసు. 1887లో పారిస్‌లో నిర్ణయించిన అంతర్జాతీయ పథకం కింద ఆకాశాన్ని పట్టీలుగా చీల్చి సుమారు ఇరవై వేధశాలలకు పంచారు. నిజామియా అబ్జర్వేటరీ తన వాటాగా వచ్చిన పట్టీల్లో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. ఒక చోటి నుంచి మొత్తం ఆకాశం కనిపించదు కాబట్టి పంచుకోక తప్పదు. పంచుకున్నప్పుడు ఒకరి కటకం కాస్త మెరుగు, మరొకరి గాలి కాస్త మబ్బు. ఒకరు పట్టిన మసక నక్షత్రం మరొకరి ప్లేటు మీద పడదు. పట్టీలను కలిపి కుడితే అతుకు దగ్గర లేని తేడా కనిపిస్తుంది.

ఇప్పటి సర్వేలకూ ఈ జబ్బు తప్పలేదు. ఎన్‌వీఎస్ఎస్‌లో ఆకాశభాగాన్ని బట్టి టెలిస్కోపు అమరికను మార్చారు. మందమైన మూలాల సంఖ్యలో దాని ప్రభావం కనిపించింది. వైజ్ జాబితాలో భూకక్ష్యాతలానికి దగ్గరా దూరాన్ని బట్టి క్వాసార్ల సంఖ్య కొద్దిగా మారుతున్నట్టు సెక్రెస్ట్ బృందమే గమనించి సరిచేసింది. మన పాలపుంత ధూళి అడ్డొస్తుందని దానికి ఇరువైపులా 30 డిగ్రీల మేర వదిలేసింది. అంటే లెక్క మొదలుపెట్టేముందే సగం ఆకాశాన్ని పక్కనపెట్టాల్సి వచ్చింది. వెయ్యికి ఎనిమిది చొప్పున మిగిలే తేడా కోసం ఇంత సవరణ చేసినప్పుడు, సవరణలోనే పొరపాటు దొర్లి ఉండదా అని అడగడం న్యాయమే. 2022లో అమెరికాకు చెందిన జెరెమీ డార్లింగ్ ఉత్తర, దక్షిణ అర్ధగోళాల రెండు కొత్త రేడియో సర్వేలను కలిపి లెక్కిస్తే, రెండు స్పీడోమీటర్లూ కలిశాయి.

చరిత్ర కూడా తొందర పనికిరాదనే చెబుతోంది. 1997లో బోర్గె నోడ్‌లాండ్, జాన్ రాల్‌స్టన్ 160 రేడియో గెలాక్సీల కాంతిని పరిశీలించి, విశ్వానికి ఒక అక్షం ఉన్నట్టుందని ప్రకటించారు. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. వారాల్లోనే ఇతర బృందాలు అదే సమాచారంలో ఆ అక్షం లేదని చూపించాయి. 2014 మార్చిలో బైసెప్ బృందం విశ్వం పుట్టిన తొలి క్షణాల గురుత్వ తరంగాల జాడ దొరికిందని ప్రకటించింది. ఏడాది తిరక్కుండానే అందులో చాలావరకు మన పాలపుంత ధూళి వెలుగేనని తేలింది. అచ్చంగా స్లాగ్ ఎరుపే.

కొలిమిని ఆర్పి చూడడమెలాగో జంషెడ్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాదుగూడలో కనిపిస్తుంది. దేశంలో తొలి యురేనియం గని అది. ఆ గనిలో 555 మీటర్ల లోతున కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో 2017లో ఒక భూగర్భ ప్రయోగశాల మొదలైంది. అక్కడ వెతుకుతున్నది దిక్కుల తేడాను కాదు, కృష్ణ పదార్థాన్ని. అయితే సూత్రం ఒకటే. అంతరిక్షం నుంచి నిరంతరం కురిసే కణాల వానను పైనున్న అర కిలోమీటరు రాయి చాలావరకు అడ్డుకుంటుంది. మిగిలిన చప్పుడులో రాతిలోంచి వచ్చే రేడియో ధార్మికత ఎంతో విడిగా కొలిచి తీసేయాలి. అప్పటికీ ఏమైనా మిగిలితేనే దాని గురించి మాట్లాడాలి. ఆకాశాన్ని లెక్కపెట్టేవారికి రాతి కప్పు వేసుకునే వీలు లేదు. వాళ్లు తీసేయాల్సిందంతా కాగితం మీదే తీసేయాలి. తగవంతా అక్కడే.

పోతే ఏం పోతుంది?

సూత్రం తప్పని తేలితే విశ్వం వ్యాకోచిస్తోందన్న మాట తప్పయిపోదు. బిగ్‌బ్యాంగ్ కూలిపోదు. కానీ చాలా అంకెలను తిరగరాయాల్సి వస్తుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లనీ, అందులో 68 శాతం కృష్ణశక్తేననీ పాఠ్యపుస్తకాలు చెప్పే మాటలు అన్ని దిక్కులూ సమానమన్న ఊహ మీద కట్టిన లెక్కలే. విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల ద్వారా కనుగొన్నందుకు 2011లో నోబెల్ ఇచ్చారు. 2019లో సుబీర్ సర్కార్ సహా నలుగురు శాస్త్రవేత్తలు 740 సూపర్‌నోవాలను తిరిగి పరిశీలించి, ఆ వేగం అన్ని వైపులా లేదనీ, మనం కదులుతున్న దిక్కులోనే కనిపిస్తోందనీ వాదించారు. అదే నిజమైతే కృష్ణశక్తి అవసరమే ఉండకపోవచ్చు. ఆ విశ్లేషణలో వేగాల సవరణ సరిగా చేయలేదని 2020లో డేవిడ్ రూబిన్, జెస్సికా హైట్‌లాఫ్ తిప్పికొట్టారు. రెండు పక్షాలూ తమ మాట మీదే ఉన్నాయి.

ఈ వివాదంలో ఉన్న పాత, కొత్త ఆధారాలన్నింటినీ ఒకచోట చేర్చి 2023లో ఒక సుదీర్ఘ సమీక్షా వ్యాసం వెలువడింది. దాని రచయితల్లో మొదటి పేరు వారణాసిలోని ఐఐటీ బీహెచ్‌యూకు చెందిన పవన్ కుమార్ ఆలూరిది. వివిధ దేశాలకు చెందిన ఇరవై మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసి రాసిన ఆ వ్యాసం సూత్రం కూలిపోయిందని ప్రకటించలేదు. ఒక్కొక్క తేడాను విడిగా చూస్తే కొట్టేయవచ్చేమో కానీ, వేర్వేరు మార్గాల్లో వచ్చిన తేడాలు కొన్ని దాదాపు ఒకే దిక్కును చూపుతున్నప్పుడు వాటిని కలిపి పరీక్షించక తప్పదన్నది దాని సారాంశం.

ఆ పరీక్షకు కొత్త సాధనాలు వచ్చేశాయి. 2023 జులైలో ఐరోపా ప్రయోగించిన యూక్లిడ్ ఉపగ్రహం, 2025 మార్చిలో నాసా ప్రయోగించిన స్ఫియరెక్స్, అదే ఏడాది జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన చిలీలోని వేరా రూబిన్ వేధశాల కోట్లాది గెలాక్సీలను లెక్కిస్తాయి. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో నిర్మిస్తున్న ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపులో భాగస్వామ్యానికి భారత ప్రభుత్వం రూ.1,250 కోట్లు కేటాయించింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని టెలిస్కోపులు, వేర్వేరు తరంగాల్లో, వేర్వేరు అతుకులతో లెక్కపెట్టి కూడా వెయ్యికి పదిహేను దగ్గరే నిలబడితే, తప్పు ఏ ఒక్క పరికరానిదో అని తప్పించుకోవడం కుదరదు. ఏడుకు దిగితే ఇన్నాళ్లూ చూసింది కొలిమి వెలుగేనని ఒప్పుకోవాలి.

సాక్చి మనిషీ, జుగ్సలాయి మనిషీ తమ తమ ఎరుపుల గురించి వాదించుకుంటే తేలేదేమీ లేదు. ఇద్దరూ ఊరు దాటి, వెలుగు సోకని చోట నిలబడి మళ్లీ చూడాలి. విశ్వం విషయంలో ఊరు దాటడం కుదరదు కాబట్టి మిగిలింది ఒకటే దారి. మళ్లీ లెక్కపెట్టడం.